కుటుంబవైద్యుని పునరాగమనము

మెకంజీ యన్న పేరు చెవిని పడగానే ఆంధ్ర పాఠకునకు ఊరూర కైఫీయతులు వ్రాయించి, శాసనములకు ప్రతులెత్తించిన కాలిన్ మెకంజీ దొర స్ఫురించుట సహజము. నేడు మేము చెప్పబూనినది ఆయనను గూర్చి కాదు. ఆయన 1821లో గతించిన ముప్పదిరెండేండ్లకు ఆయనవలెనే స్కాట్లండు దేశమున జన్మించిన జేమ్సు మెకంజీ యను వైద్యుని గూర్చి. మొదటి మెకంజీ గ్రామముల పూర్వచరిత్రలను కూర్చెను. రెండవ మెకంజీ ఒక పట్టణములోని సామాన్య కుటుంబముల రోగచరిత్రలను ఇరువదియెనిమిదేండ్లు ఓపికతో కూర్చెను. హృద్రోగశాస్త్రము నేటి రూపము దాల్చుటకు ఆ కూర్పు ఒక పునాది యయ్యెను.

ఇప్పుడీ కథ యెందుకని పాఠకులడుగవచ్చును. ఇంటింటి నాడిని ఎరిగిన అనుభవజ్ఞులైన వైద్యులు వృత్తిని మధ్యలోనే విడిచిపోవుచున్నారన్న మొర నేడు పెక్కు దేశములనుండి వినవచ్చుచున్నది. వారిని నిలుపుట యెట్లు, విడిచినవారిని మరల రప్పించుట యెట్లు అను ప్రశ్నకు ప్రభుత్వములు లెక్కలతోను పథకములతోను సమాధానములు వెదకుచున్నవి. లెక్కలు అవసరమే. కాని అట్టి వైద్యుడు పోయినప్పుడు నిజముగా పోవునదేదో తెలియవలెనన్న ఒక జీవితమును ఆమూలాగ్రముగ చూడక తప్పదు. మెకంజీ జీవితము దీనికి తగినది. ఏలయన, ఆయన తన ఊరి వైద్యమును విడిచిపోయినవాడును, తుదకు దానికొరకే వెనుకకు మరలినవాడును.

జేమ్సు మెకంజీ 1853 ఏప్రిలు 12వ తేదీన పెర్తు నగరమునకు చేరువనున్న స్కోన్ ప్రాంతమున ఒక కర్షకుని ఇంట జన్మించెను. బడిలో ఆయన గొప్ప విద్యార్థి కాడు. విన్నది విన్నట్లు వల్లించు ధారణ ఆయనకు లేకుండెను. అది ఆయన అదృష్టమేమో యని మాకు తోచును. వల్లెవేయలేనివాడు ప్రతి విషయమును తన కంటితో చూచి నమ్మవలసివచ్చును గదా! పదునైదవ యేట చదువు మాని, పెర్తులో ఒక మందుల దుకాణమున పని నేర్చుటకు కుదిరెను. కొన్నియేండ్లకు మందులు నూరి యిచ్చుటతో తృప్తిపడక 1874లో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, 1878లో వైద్యపట్టమును పొందెను. మరుసటి యేడు ఇంగ్లండులోని బర్న్‌లీ పట్టణమున అప్పటికే స్థిరపడియున్న ఇరువురు వైద్యులకు తోడుగా చేరెను.

ఈ బర్న్‌లీ మనకు బొత్తిగా పరాయి ఊరు కాదు. లంకాషైరు మండలమున నిది మరమగ్గముల పట్టణము. ఇరువదవ శతాబ్దారంభమున ఇచ్చట తిరిగిన మరమగ్గములు లక్షకు చేరువ. మన సాలెవారి మగ్గములను మూలబెట్టిన విదేశవస్త్రములో గణనీయమగు భాగము ఇట్టి ఊళ్లలో నేసినదే. 1921లో మన వీధులలో ఆ బట్ట మంటలపాలయ్యెను. అయినను దానిని నేసిన కూలివారిపై మనకు పగ లేదు. 1931లో మహాత్ముడు లంకాషైరునకు పోయి, పని కోల్పోయిన ఆ కార్మికుల మధ్యనే నిలిచి వారితో మాటలాడెను. దూది దుమ్ములో, యంత్రముల రొదలో దినమంతయు నిలుచుండు ఆ స్త్రీపురుషులే మెకంజీకి రోగులు, గురువులును.

కుటుంబవైద్యుని దినచర్య యెట్టిదో మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఉదయము ఇంటి ముంగిట రోగులు; మధ్యాహ్నము ఇంటింటికి తిరుగుట; అర్ధరాత్రమున పురుడని పిలుపు. వీని నడుమ ఆయన మనస్సును కలచివేసిన సంఘటన యొకటి జరిగెను. గుండెజబ్బు గల యొక యువతి గర్భవతియై ఆయన సంరక్షణలో నుండెను. ప్రసవసమయమున గుండె ఓపలేక ఆమె మరణించెను. ఆ అపాయమును తాను ముందుగా నేల కనిపెట్టలేకపోతినని ఆయన గ్రంథములను తిరుగవేసెను. ఏ గుండె ప్రసవభారమును సహించునో, ఏది సహింపదో చెప్పిన గ్రంథము కానరాలేదు. ఏ రోగలక్షణము అపాయకరము, ఏది నిరపాయము అన్న ప్రశ్నకే నాటి పండితులయొద్ద నిశ్చితమైన సమాధానము లేకుండెను.

ఎందువలన లేకుండెను? ఇదియే మేము ఈ వ్యాసమున ముఖ్యముగ చూపదలచిన విషయము. గ్రంథములు వ్రాసినవారు పెద్ద ఆసుపత్రుల వైద్యులు. వారు రోగిని చూచునది కొలది దినములు, లేదా కొలది వారములు. రోగము ముదిరిన పిమ్మట అతడు వచ్చును; నయమైననో చచ్చిననో పోవును. పోయిన రోగి పదియేండ్లకు ఏమయ్యెనో వారికి తెలియు మార్గము లేదు. నాడి తడబడిన ప్రతివానిని వారు మంచమున పరుండబెట్టి, పని మానిపించి, మెట్లెక్కవలదని శాసించుచుండిరి. బర్న్‌లీలో అట్లు కాదు. నేడు నాడి తడబడిన నేతగాడు మరుసటి యేడు జలుబుతో వచ్చును. ఆ మరుసటి యేడు బిడ్డకు జ్వరమని పిలుచును. పదియేండ్లకు కాలు బెణికినదని వచ్చును. వచ్చినప్పుడెల్ల వైద్యుడు వాని నాడిని మరల చూడవచ్చును. రోగి చావకుండ, చిక్కకుండ, మగ్గము మానకుండ ఇరువదియేండ్లు బ్రతికినచో ఆ తడబాటు నిరపాయమని తేలినట్లే. ఈ రుజువు ఏ యంత్రమునకును ఒక్కపూటలో దొరకునది కాదు. ఒకే వైద్యుడు ఒకే ఊరిలో నిలిచియున్ననే దొరకును.

అట్లని ఆయన యంత్రమును నిరాకరించినవాడు కాడు. చేతి నాడిని, మెడలోని సిరయొక్క కదలికను ఏకకాలమున కాగితముపై గీయు పాలిగ్రాఫు అను పరికరమును ఆయన స్వయముగ కల్పించెను. పిమ్మట పాడిహాం పట్టణమునందలి యొక గడియారములవాని సాయముతో దానిని సిరాతో వ్రాయునట్లు సంస్కరించెను. (పోలీసువారు నేరస్థుల అసత్యమును కనిపెట్టుటకు అనంతరకాలమున వాడిన పరికరమునకును ఈ పేరే వచ్చెను. ఆ పనితో మన వైద్యునకు సంబంధము లేదు.) చేతి నాడి గుండెయొక్క క్రింది గదులు చేయు పనిని తెలుపును, మెడ సిర పైగదుల, అనగా కర్ణికల, పనిని తెలుపును. రెండును ప్రక్కప్రక్కన గీయబడినప్పుడు తడబాటు ఎచ్చట పుట్టుచున్నదో కంటికి కనబడెను.

ఒక స్త్రీ చరిత్ర చెప్పిన చాలును. ఆమె గుండెలోని కవాటము ఇరుకైయుండెను. 1880 మొదలు మెకంజీ ఆమెను పరీక్షించుచు, గుండె చప్పుళ్లను, నాడిగతిని వ్రాసికొనుచుండెను. 1898లో ఆమె నాడి హఠాత్తుగా క్రమము తప్పి మరల కుదుటపడలేదు. ఆ దినమున ఆమెను తొలిసారి చూచిన వైద్యునకు అది కేవలము ఒక క్రమములేని నాడి. మెకంజీకి మాత్రము పదునెనిమిదేండ్ల వెనుకటి గుర్తులు ఎదుటనున్నవి. మెడ సిరలో కర్ణిక పుట్టించు తరంగము మాయమైనది. ఎన్నియేండ్లనుండియో వినుచున్న కర్ణికా సంకోచపు ధ్వనియు మాయమైనది. కావున కర్ణిక పనిచేయుట మానినదని ఆయన ఊహించెను. ఆ స్థితికి ఆయన పెట్టిన పేరును, చెప్పిన కారణమును తరువాత మారినవి. 1909లో థామస్ లూయిస్ మొదలగువారు విద్యుత్పరికరములతో పరీక్షించి కర్ణిక నిలిచిపోలేదని, క్రమములేక వణకుచున్నదని నిర్ధారించిరి. నేడు ఏట్రియల్ ఫిబ్రిల్లేషన్ అని వైద్యులు చెప్పు సామాన్య హృద్రోగము ఇదియే. ఇట్టి రోగులకే డిజిటాలిస్ మందు మిక్కిలి గుణమిచ్చుననియు మెకంజీ గ్రహించెను. మరియొకవైపు, నడుమ నడుమ ఒక కొట్టు తప్పు నాడియు, యువకులలో ఊపిరితోపాటు మారు నాడియు సాధారణముగ అపాయకరములు కావని స్థాపించి, వ్యర్థముగ మంచము పట్టింపబడిన యెందరినో ఆయన లేపి నడిపించెను.

1902లో నాడిని గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము వెలువడెను. హాలండులోని వెంకెబాహ్ వంటి విదేశ పండితులు దాని విలువను త్వరగా గుర్తించిరి. స్వదేశపు రాజధాని వైద్యులకు ఆలస్యమయ్యెను. మరమగ్గముల ఊరిలో పురుళ్లు పోయు వైద్యుడు గుండెశాస్త్రమును తమకు బోధించుటయా అన్న సంకోచము కొంత యుండవచ్చును. ఇట్టి సంకోచము మన పట్టణములలోను లేకపోలేదు. ఇంటి వైద్యుడు పేరు పెట్టిన రోగమునే పెద్ద ఊరి నిపుణుడు పెద్ద రుసుము పుచ్చుకొని చెప్పిననే గాని నమ్మనివారు మనలో కొల్లలు.

1907లో ఏబదినాలుగేండ్ల వయస్సున మెకంజీ బర్న్‌లీని విడిచి లండను చేరెను. తన పరిశోధన పదిమందికి ఎక్కవలెనన్న రాజధానిలో నుండక తప్పదని ఆయన యెంచెను. మేము ఆయనను తప్పుపట్టము. కాని ఆ దినమున బర్న్‌లీ పోగొట్టుకొన్నదేమో ఒక్కమారు లెక్కింపుడు. ఆయన స్థానమున మరియొక వైద్యుడు రావచ్చును. అతడు మెకంజీకన్న నూతనవిద్య నేర్చినవాడును కావచ్చును. అయినను ఏ యింటి తల్లి ఏ కాన్పులో చిక్కుపడెనో, ఏ నేతగాని నాడి ఇరువదియేండ్ల క్రిందట ఎట్లుండెనో, ఎవనికి నొప్పి వచ్చిన నిజముగా భయపడవలెనో ఆతనికి తెలియదు. ఆ యెరుకలో కాగితములపై నున్నది కొంతయే. మిగిలినది వైద్యునితోనే రైలెక్కి పోయెను. నలుబది ఏబదియేండ్ల ప్రాయమున ఒక కుటుంబవైద్యుడు వృత్తిని మానిన ప్రతి ఊరిలోను జరుగు నష్టమిదియే. దీనిని ఏ ఖజానా లెక్కలలోను చూపరు.

లండనులో ఆయనకు మొదట రోగులు తక్కువ. 1908లో హృద్రోగములను గూర్చిన ఆయన బృహద్గ్రంథము వెలువడిన పిమ్మట కీర్తి వేగముగ పెరిగెను. 1913లో లండన్ హాస్పిటలునందు హృద్రోగ విభాగమునకు అధిపతియయ్యెను. 1915లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, సర్ బిరుదమును లభించెను. యుద్ధము వచ్చినప్పుడు, గుండెజబ్బని ముద్రవేసి వెనుకకు పంపబడిన వేలకొలది సైనికులలో పెక్కుమందికి గుండెలో దోషమే లేదని ఆయన వాదించెను. గుండెలో ఒక చప్పుడు వినబడినంతమాత్రమున మనుష్యుని పనికిరానివానిగ నిర్ణయింపరాదని బర్న్‌లీ ఆయనకు నేర్పియుండెను.

కీర్తి వచ్చెను; ధనము వచ్చెను; తృప్తి మాత్రము రాలేదు. లండను ఆసుపత్రులలో ఆయనకు కనబడినది రోగముయొక్క తుది అంకము మాత్రమే. తొలి అంకమును చూచువాడు కుటుంబవైద్యుడు. కాని ఆతనిని అడుగువారెవరు? ఆసుపత్రులలోని ఏర్పాటు ఆయనకు తలక్రిందుగ తోచెను. రోగము మొలకగ నున్నప్పుడు జనులు వచ్చు బయటి రోగుల శాలలో మిక్కిలి పిన్నవయస్కులైన వైద్యులను కూర్చుండబెట్టుదురు. అనుభవజ్ఞుడైన పెద్దవైద్యుడు లోపలి మంచములయొద్ద, రోగము పండిపోయిన పిమ్మట దర్శనమిచ్చును. మొలకను గుర్తించుటకే గదా ఎక్కువ అనుభవము కావలసినది! ఈ వాదమును ఆయన 1919లో ప్రకటించిన గ్రంథమున విపులముగ చర్చించెను. నూరేండ్లు దాటినను మన పెద్ద ఆసుపత్రుల బయటి రోగుల శాలలో తెల్లవారుజాముననే వరుసలో నిలిచినవారికి ఈ వాదము చక్కగ అర్థమగును.

వాదముతో ఆయన ఆగలేదు. 1918లో, అరువదియైదవ యేట, గొప్ప రాబడి గల లండను వృత్తిని విడిచి స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణమునకు మరలెను. అందరును పదవీవిరమణ చేయు ప్రాయమున ఆయన తిరిగి కుటుంబవైద్యుల నడుమ చేరెను. 1919లో అచ్చట ఒక పరిశోధనాలయమును స్థాపించెను. దాని పద్ధతి సులభము. ఆ ఊరి వైద్యులే వంతులవారీగ కొన్ని గంటలు అచ్చటికి వచ్చి, తమ తమ రోగులను తీరికగ పరీక్షింతురు. ఎంత చిన్న బాధనైనను వ్రాయుదురు. కలిసి కూర్చుండి చర్చింతురు. పసితనమునుండి మరణపర్యంతము ఒక ఊరి జనుల ఆరోగ్యమును వారి వైద్యులే గమనించి వ్రాయవలెననునది ఆయన సంకల్పము.

ఆ సంకల్పము నెరవేరినదని చెప్పజాలము. ఒక తరమునకుగాని పండని పంటను ఆయన అరువదియారవ యేట నాటెను. దినమంతయు రోగులకొరకు తిరుగు వైద్యునకు వ్రాతకు తీరిక దొరకుట కష్టము. స్థాపకుని గుండెయే అప్పటికి దెబ్బతినియుండెను. ఛాతీనొప్పి యనేక సంవత్సరములనుండి ఆయనను బాధించుచుండెను. దానినిగూడ ఆయన తన పద్ధతిలోనే చూచెను. 1923లో ఆ వ్యాధిని గూర్చి వెలువరించిన గ్రంథమున పేరు చెప్పక వర్ణించిన రోగులలో ఒకడు తానే. 1925 జనవరి 26వ తేదీన లండనులో ఆయన మరణించెను. ఆయన హృదయమును పరీక్షించిన ఫలితములు 1939లో ప్రకటింపబడినవి. పరిశోధనాలయము ఆయన పేరుతో కొంతకాలము నడచి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున మూతపడెను. బ్రిటనులోని కుటుంబవైద్యులు 1952లో తమకొక కళాశాలను స్థాపించుకొనినప్పుడు మాత్రము ఆయనను మరువలేదు. ఆ సంస్థవారు ఆయన పేరిట వార్షికోపన్యాసమును ఏర్పరచిరి.

ఆయన మాటకు అంకెల బలము చాలకాలమునకు వచ్చెను. నార్వే దేశమున ప్రతి పౌరునకు ఒక నిర్ణీత వైద్యుడుండును. సుమారు 45 లక్షలమందికి సంబంధించిన 2018వ సంవత్సరపు వివరములను అచ్చటి పరిశోధకులు పరిశీలించిరి. ఒకే వైద్యునితో పదునైదేండ్లకు మించిన సంబంధము గలవారిని, ఒక్కయేడు సంబంధము గలవారితో పోల్చిచూడగా, మరణసంభావ్యత నాల్గవవంతు తక్కువగ నుండెను. అకస్మాత్తుగ ఆసుపత్రి పాలగుట 28 పాళ్లు, వేళకాని వేళ వైద్యమునకు పరుగిడుట 30 పాళ్లు నూటికి తక్కువ. ఇది కేవలము సహచరభావమే గాని కార్యకారణ నిర్ణయము కాదని విమర్శకుడనవచ్చును, అది న్యాయమే. అయినను సంబంధమునకు వయస్సు పెరిగినకొలది ఈ లాభము మెట్టు మెట్టుగ పెరుగుట గమనింపదగినది.

ఇంగ్లండులో 2015 మొదలు కుటుంబవైద్యులను చేర్చుట, నిలుపుట, మరల రప్పించుట అను మూడు పనులను ఒక్కటిగ తలపెట్టిరి. 2017లో అమలుచేసిన పథకము ప్రకారము, విడిచిపోదలచిన వైద్యుడు వారమునకు ఒకటి మొదలు నాలుగు పూటలు మాత్రమే పనిచేయుచు అయిదేండ్లవరకు కొనసాగవచ్చును. పసిబిడ్డల తల్లియైన వైద్యురాలికిని, నడుము వంగిన వృద్ధునకును ఇది ఆధారము. రెండేండ్లకు మించి వృత్తికి దూరమైనవారు మరల వచ్చునెడల, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కొంతకాలము పనిచేసి విద్యను పదును పెట్టుకొను ఏర్పాటును గలదు. ఈ రెండవదియే మాకు ముఖ్యముగ తోచును. పదియేండ్లు ఇంట కూర్చున్న వైద్యుని తిరిగి రాకుండ ఆపునది సోమరితనము కాదు, బెరకు. మందుల పేర్లు మారినవి, పద్ధతులు మారినవి, పిన్నల యెదుట తడబడుదునేమో యన్న జంకు. దానిని పోగొట్టు మార్గము లేక పిలిచిన పిలుపు పత్రికాప్రకటనగ మిగిలిపోవును.

మన సంగతి యేమి? మదరాసు రాజధానిలో ఎల్.ఎం.పి. పట్టము పొందిన వైద్యులు మన తాలూకా పట్టణములలో స్థిరపడి మూడు తరముల నాడిని చూచిరి. 1946లో వెలువడిన భోర్ సంఘ నివేదిక దేశమున ఒకే తరగతి వైద్యపట్టము చాలునని సూచించిన పిమ్మట ఆ చదువు ఆగిపోయెను. ఆ నిర్ణయము విద్యాప్రమాణముల దృష్టితో సరియైనదే కావచ్చును. కాని ఊరిలో నిలుచు వైద్యుని స్థానమును పూరించు ఏర్పాటు దానివెంట రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ఫ్యామిలీ డాక్టర్ అను పేరిట ఒక పథకమును ప్రారంభించి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు నెలకు రెండుమార్లు గ్రామమునకు పోవునట్లు నిర్ణయించెను. ఆ పేరు సార్థకము కావలెనన్న వాహనము వచ్చిన చాలదు; దానినుండి దిగువాడు ఏటేట మారరాదు. కేంద్రప్రభుత్వము 2016లో తన వైద్యుల విరమణ వయస్సును 65 ఏండ్లకు పెంచెను. అటుపిమ్మట 62 దాటినవారు అధికారపు కుర్చీలను విడిచి రోగుల చెంతకో బోధనకో పోవలెనని నిబంధించెను. దస్త్రములపై సంతకములు పెట్టుచున్న ముప్పదియేండ్ల అనుభవమును మరల రోగి మంచము చెంతకు చేర్చిన ఈ నిబంధన, మెకంజీ వాదమునకు దూరపు చుట్టము.

తెనాలి, భీమవరము, ఖమ్మము వంటి పట్టణములలో వృత్తి చాలించి ఇంట కూర్చున్న వైద్యులు ఎందరో కలరు. రాత్రి పిలుపులు ఓపలేక మానినవారు కొందరు. కార్పొరేటు ఆసుపత్రుల పోటీకి నిలువలేక తలుపులు మూసినవారు కొందరు. బిడ్డల పెంపకమునకు మానిన వైద్యురాండ్రు కొందరు. వారికి మరల నలుబది పడకల భారము అక్కరలేదు. పురపాలకసంఘము ఒక గదియు, ఒక నర్సును, వ్రాతకొక సహాయకుని సమకూర్చి, వారమునకు రెండు ఉదయములు కూర్చుండుడని గౌరవముగ అడిగిన, కాదనువారు తక్కువయని మా నమ్మకము. రాత్రి పిలుపు లేదని, తగిన వేతనము నెలనెల అందునని, క్రొత్త మందులను గూర్చి కొన్నివారములు శిక్షణ దొరకునని ముందే వ్రాతమూలకముగ చెప్పవలెను. మిగిలినది వారి పాత రోగులే చూచుకొందురు. తమ వైద్యుడు మరల కూర్చున్నాడని తెలిసిన మరుసటి యుదయమే వారు ఆ గది ముంగిట నుందురు.